వాటర్ బ్లాక్ ఏ కంపెనీది కొనాలి? ముందు వాషర్ దొరుకుతుందో లేదో చూడండి

పోయినేడాది ఏప్రిల్‌లో నా గ్రాఫిక్స్ కార్డు మీదున్న వాటర్ బ్లాక్‌ను (నీళ్లు తిప్పి చిప్పు వేడిని లాగేసే లోహపు దిమ్మ) కడుగుదామని విప్పాను. రెండేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసిన బ్లాక్ అది. కూలెంట్ (లోపల తిరిగే ద్రవం) ఎలాగూ మారుస్తున్నాం కదా, లోపల కూడా ఒకసారి చూద్దామనుకున్నాను. మూత లేపగానే చుట్టూ ఉండే నల్ల రబ్బరు రింగు, అంటే వాషర్, గాడిలోంచి సాగి బయటికొచ్చింది. మళ్లీ పెడితే కూర్చోలేదు. ఒక మూల సర్దితే ఇంకో మూల లేస్తోంది. ఎలాగో నొక్కిపెట్టి మూత బిగించి, గాలి కొట్టి చూస్తే ప్రెషర్ నిలవలేదు.

మర్నాడు ఆ రింగును కవర్లో వేసుకుని సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాను. షాపాయన వెర్నియర్ పెట్టి కొలిచి, "ఈ మందం ఉంది సార్, కానీ ఇంత సన్నటిది ఇంత పెద్ద చుట్టుకొలతలో దొరకదు" అన్నాడు. రబ్బరు తాడు కోసి అతికించి ఇస్తానన్నాడు కానీ, అంత ఖరీదైన కార్డు మీద అతుకు రింగు పెట్టే ధైర్యం నాకు లేకపోయింది. బ్లాక్ చేసిన కంపెనీకి మెయిల్ పెడితే రింగు విడిగా అమ్మబోమని జవాబొచ్చింది. ఐదు వారాలు ఆ కార్డును పాత ఫ్యాన్ కూలర్‌తోనే నడిపాను. బ్లాక్ మాత్రం చెక్కుచెదరకుండా అలమరలో కూర్చుంది.

అప్పటి నుంచి ఎవరైనా "ఏ కంపెనీ బ్లాక్ మంచిది?" అని అడిగితే నేను డిగ్రీల సంగతి తర్వాత మాట్లాడతాను. బోరు మోటారు కొనేటప్పుడు మన పెద్దవాళ్లు మొదట అడిగేది స్పేర్లు దొరుకుతాయా అనే కదా. వాటర్ బ్లాక్‌కూ అదే ప్రశ్న. ఎందుకో తెలియాలంటే కంపెనీల మధ్య తేడా అసలు ఎంతుందో ముందు చూడాలి.

డిగ్రీల లెక్క

బ్లాక్ లోపల జరిగేది పెద్ద మాయేం కాదు. అడుగున రాగి పలక ఉంటుంది. దాని పైభాగాన్ని జుట్టు దువ్వెన పళ్లకన్నా సన్నగా కోసి ఫిన్లు చేస్తారు. వాటి మీద సన్నటి చీలిక ఉన్న ఒక రేకు ఉంటుంది, దాన్ని జెట్ ప్లేట్ అంటారు. పైనుంచి వచ్చిన నీళ్లు ఆ చీలికలోంచి వేగంగా ఫిన్ల మధ్యలో పడి, రెండు వైపులా చీలి, వేడిని తీసుకుని బయటికి పోతాయి. ఫిన్లు ఎంత సన్నగా ఉన్నాయి, అడుగు పలక ఎంత పలచగా ఉంది, మధ్యలో ఎంత ఉబ్బెత్తుగా ఉండి ప్రాసెసర్‌ను ఎలా ఒత్తుతోంది అన్న దగ్గరే కంపెనీలు పోటీపడతాయి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక బ్లాక్ ఇంకోదానికన్నా ప్రతి వాటుకూ 0.01 డిగ్రీ మెరుగ్గా ఉందనుకోండి. 200 వాట్ల ప్రాసెసర్ మీద అది 2 డిగ్రీలు. పేరున్న కంపెనీల మంచి బ్లాక్‌ల మధ్య ప్రాసెసర్ దగ్గర కనిపించే తేడా దాదాపు ఈ స్థాయిలోనే ఉంటుంది. అదే మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం గది వేడికీ, రాత్రి ఏసీ వేసిన గది వేడికీ మధ్య 12, 15 డిగ్రీల తేడా సులువుగా ఉంటుంది. నీళ్లు ఎప్పటికీ గది వేడికన్నా చల్లబడలేవు కాబట్టి ఆ తేడా మొత్తం మీ ప్రాసెసర్ మీద పడుతుంది. రెండు డిగ్రీల కోసం రెట్టింపు ధర పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) వాడేవాళ్లకు ఇంకో మాట. ఆ సాకెట్ బిగింపు వల్ల ప్రాసెసర్ పైరేకు కాస్త వంగుతుంది. బ్లాక్ ఎంత మంచిదైనా దాని మీద సరిగ్గా ఆనదు. సాకెట్ బిగింపు తీసేసి ప్రాసెసర్‌ను సమంగా నొక్కే కాంటాక్ట్ ఫ్రేమ్ పెడితే, కొన్ని సిస్టమ్‌లలో బ్లాక్ మార్చినదానికన్నా ఎక్కువ తేడా వస్తుంది. దాని ఖర్చు బ్లాక్ ధరలో చిన్న భాగమే. ఏఎండీ రైజెన్ 7000 వాళ్ల సంగతి వేరు. ఆ ప్రాసెసర్లలో పెద్దవి బరువైన పని పడితే 95 డిగ్రీల దాకా వెళ్లేలాగే తయారయ్యాయి. మంచి బ్లాక్ పెడితే డిగ్రీలు తగ్గడానికి బదులు వేగం కొంచెం పెరుగుతుంది. తెర మీద 95 చూసి బ్లాక్ పాడైందని టెన్షన్ పడొద్దు.

నీటి ధార గురించి కూడా చాలామందికి అనుమానం. "ఈ బ్లాక్ ధారను అడ్డుకుంటుందట కదా, మానేద్దామా?" అని అడుగుతారు. పంపు, బ్లాక్, వేడిని గాలిలోకి వదిలే రేడియేటర్ ట్యూబులతో కలిసిన చుట్టునే లూప్ అంటారు. నిమిషానికి సుమారు 3.8 లీటర్లు తిరిగే లూప్‌లో 250 వాట్ల వేడి నీళ్లను పెంచేది 1 డిగ్రీ కన్నా తక్కువ. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ కలిపి 700 వాట్లు లాగినా, లూప్‌లో అన్నిటికన్నా వేడి చోటికీ చల్లటి చోటికీ తేడా రెండున్నర డిగ్రీల పైచిలుకు మాత్రమే. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అన్న క్రమం పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. డీ5 రకం పంపు ఒకటి ఉంటే ఏ పేరున్న బ్లాక్‌కైనా సరిపోయేంత ధార వస్తుంది.

లోహం దగ్గర రాజీ వద్దు

నేను గట్టిగా చెప్పేది ఒక్కటుంది. లూప్‌లో రాగీ అల్యూమినియమూ కలపొద్దు. రెండు వేరు లోహాలు ఒకే నీటిలో ఉంటే అది చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. బాగా పేరున్న రేడియేటర్లు ఎక్కువగా రాగి, ఇత్తడితో ఉంటాయి. వాటితో అల్యూమినియం బ్లాక్ కలిపితే కొన్ని నెలల్లోనే తెల్లటి గసి మొదలై ఫిన్లు పూడుకుపోతాయి. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు దొరికే 40 మి.మీ. చదరపు బ్లాక్‌లు చాలావరకు అల్యూమినియమే. అవి పెల్టియర్ (కరెంటుతో ఒకవైపు చల్లబడే పలక) ప్రయోగాలకు పనికొస్తాయి, కంప్యూటర్‌కు కాదు. పేరున్న కంపెనీ కూడా 2017లో ఇలాంటిది తెచ్చింది. ఈకే వాళ్ల ఫ్లూయిడ్ గేమింగ్ కిట్‌లో అన్నీ అల్యూమినియమే. అన్నీ ఒకే లోహమైతే ఇబ్బంది లేదు. కానీ సెకండ్ హ్యాండ్‌లో ఆ బ్లాక్ ఒక్కటే కొని రాగి రేడియేటర్‌కు తగిలిస్తే పాడవుతుంది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు చేతిలో పట్టుకుని బరువు చూడండి. రాగి బ్లాక్ దాని సైజుకు మించిన బరువుంటుంది.

ఉత్త రాగి మంచిదా, నికెల్ పూత ఉన్నది మంచిదా? చల్లదనంలో తేడా దాదాపు లేదు. నికెల్ వేడిని రాగిలో నాలుగో వంతు కూడా మోయలేదు నిజమే, కానీ పూత మైక్రాన్లలో ఉంటుంది కాబట్టి అది లెక్కకు రాదు. తేడా నిర్వహణలో ఉంది. ఉత్త రాగికి ఇంట్లో చెంబుకు పట్టినట్టే నల్లదనం, కిలుము పడతాయి. అది పనిని ఆపదు, చూడ్డానికే బాగుండదు. కడగడం కూడా సులువు. అమ్మమ్మలు రాగి బిందెలకు చింతపండు రుద్దినట్టు ఇక్కడా పలచటి పులుపు చాలు. కాకపోతే చింతపండు పీచు ఫిన్లలో ఇరుక్కుంటుంది కనుక వడకట్టిన నిమ్మరసమో, నీళ్లు కలిపిన వెనిగరో వాడి బాగా కడగాలి. నికెల్ పూత మీద మాత్రం పులుపు పడనివ్వొద్దు. పూత లేస్తే మళ్లీ వేయించడం అయ్యే పని కాదు. పారదర్శకమైన మూత పెట్టుకుని లోపలి నీళ్లు చూసుకోవాలనుకునేవాళ్లు నికెల్, పని జరిగితే చాలనుకునేవాళ్లు రాగి తీసుకుంటే సరి.

మూత సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అక్రిలిక్ మూత అందంగా ఉంటుంది. కానీ స్పిరిట్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తగిలితే దాని మీద సన్నటి పగుళ్లు వస్తాయి. చిప్పుకూ బ్లాక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు తుడిచే గుడ్డతోనే మూతా తుడిచేసి బ్లాక్ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ట్యూబును బ్లాక్‌కు కలిపే ఫిట్టింగు చేత్తో బిగించి వదిలేయాలి, పానా పెట్టి తిప్పితే దాని చుట్టూ నెర్రె వస్తుంది. నల్లటి ఎసిటాల్ (గట్టి ప్లాస్టిక్) మూతకు ఈ భయాలు తక్కువ. మొదటిసారి బిల్డ్ చేసేవాళ్లకు నేను ఎసిటాలే చెప్తాను.

కంపెనీలు ఒక్కొక్కటిగా

జర్మనీ వాళ్లతో మొదలుపెడతాను, ఎందుకంటే వాషర్ ప్రశ్నకు సరైన జవాబు ఎక్కువగా అక్కడే దొరికింది. వాటర్‌కూల్ అనే కంపెనీ హీట్‌కిల్లర్ పేరుతో బ్లాక్‌లు చేస్తుంది. హీట్‌కిల్లర్ 4 ప్రో వచ్చి చాలా ఏళ్లయినా ఇప్పటికీ ప్రాసెసర్ బ్లాక్‌లలో నేను మొదట చెప్పే పేరు అదే. రాగిలో ఉంది, నికెల్‌లో ఉంది, ఎసిటాల్ మూతతో ఉంది, అక్రిలిక్‌తో ఉంది. రింగులు, స్క్రూలు, బిగింపు కిట్లు విడిగా అమ్ముతారు. కొత్త సాకెట్ వస్తే బ్లాక్ పారేయకుండా బిగింపు ఒక్కటే మార్చుకోవచ్చు. లోటు ఏమిటంటే మన దేశంలో షాపుల్లో అరుదు. తెప్పించుకుంటే కొరియర్, కస్టమ్స్ కలిసి ధర బాగా పెరుగుతుంది. స్టాకు కూడా ఎప్పుడూ ఉండదు.

ఆక్వా కంప్యూటర్ వాళ్ల కుప్లెక్స్ క్రియోస్ నెక్స్ట్ ఇంకో రకం. ఈ కంపెనీకి లూప్‌ను కొలవడం అంటే ఇష్టం. బ్లాక్ మీదే చిన్న తెర ఉన్న విజన్ రకం, నీటి ధారను కొలిచే సెన్సర్లు, లూప్‌లో గాలి ఒత్తిడిని బయటికన్నా తక్కువగా ఉంచే లీక్‌షీల్డ్ అన్నీ వాళ్లవే. లీక్‌షీల్డ్ ఆలోచన నాకు చాలా నచ్చింది. ఎక్కడైనా సందు పడితే నీళ్లు బయటికి రావు, గాలే లోపలికి పోతుంది. రాత్రంతా రెండరింగ్ పెట్టి పడుకునే వీడియో ఎడిటర్లకు ఆ నిశ్చింత ఎంతో విలువైనది. ఇదే బ్లాక్ అడుగున వెండి ఉన్న రకం కూడా తెచ్చారు. వెండి వేడిని రాగికన్నా కొద్దిగా ఎక్కువే మోస్తుంది, కానీ ఆ కొద్ది తేడాకు అంత డబ్బు పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

ఆల్ఫాకూల్ కూడా జర్మనీదే, బ్రౌన్‌ష్వైగ్ ఊరిది. పై రెండిటితో పోలిస్తే ధర తగ్గుతుంది, గ్రాఫిక్స్ కార్డు బ్లాక్‌ల జాబితా పొడవుగా ఉంటుంది. పూర్తి రాగి రేడియేటర్లకు వీళ్లకు మంచి పేరుంది. మొత్తం లూప్ ఒకే కంపెనీ నుంచి, ఒకే పార్సిల్లో తెప్పించాలనుకునేవాళ్లకు ఇది బాగా కుదురుతుంది. ఫినిషింగ్ హీట్‌కిల్లర్ అంత నున్నగా ఉండదు, పనికి మాత్రం లోటు లేదు.

ఇక ఈకే. స్లొవేనియా కంపెనీ. సొంతంగా అమర్చుకునే కస్టమ్ లూప్ అంటే చాలామందికి మొదట తెలిసిన పేరు ఇదే. సుప్రీమసీ, తర్వాత వెలాసిటీ, ఆ తర్వాత వెలాసిటీ 2 అంటూ వరసగా మంచి బ్లాక్‌లు చేసింది. మన దగ్గర అమ్మిన కస్టమ్ లూప్‌లలో వీళ్ల వస్తువులు చాలా ఉన్నాయి. కానీ 2024 ఏప్రిల్‌లో ఆ కంపెనీ ఉద్యోగులకూ, సరుకు ఇచ్చినవాళ్లకూ డబ్బు సకాలంలో చెల్లించడం లేదని గేమర్స్ నెక్సస్ అనే యూట్యూబ్ ఛానల్ వివరంగా బయటపెట్టింది. వస్తువు నాణ్యత మీద వచ్చిన ఆరోపణ కాదది. అయినా స్పేర్లు రేపు దొరుకుతాయా అని ఆలోచించేవాడికి ఆ వార్త ముఖ్యమే. ఈకే బ్లాక్ కొంటే దానితోపాటు రింగుల సెట్టు, మీకు కావలసిన బిగింపు కిట్టు అదే రోజు కొని పెట్టుకోండి.

కోర్సెయిర్ 2019లో హైడ్రో ఎక్స్ పేరుతో ఈ రంగంలోకి వచ్చింది. ఎక్స్‌సీ7 బ్లాక్ అడుగున థర్మల్ పేస్టు ముందే పూసి వస్తుంది. మొదటిసారి చేసేవాళ్లకు భయం తగ్గించే చిన్న ఏర్పాటు అది. కోర్సెయిర్ ఫ్యాన్లు, లైట్లు ముందే ఉన్నవాళ్లకు అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్లో సర్దుకుంటాయి. నా దృష్టిలో దీని అసలు బలం వేరే. మన దేశంలో కోర్సెయిర్‌కు డిస్ట్రిబ్యూటర్లు ఉన్నారు. వారంటీ కోసం పార్సిల్ జర్మనీ పంపనక్కర్లేదు. కొనేచోట బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోండి.

చైనా కంపెనీల్లో బిక్‌స్కీ, బారో ముఖ్యమైనవి. బారో ఫిట్టింగులు నేనూ వాడుతున్నాను, ఇంతవరకు ఒక్క చుక్క కారలేదు. బిక్‌స్కీ బలం గ్రాఫిక్స్ కార్డుల దగ్గర ఉంది. మీ కార్డు అంతగా పేరులేని మోడలైతే దానికి సరిపడే బ్లాక్ బిక్‌స్కీ దగ్గర మాత్రమే దొరికే అవకాశం ఎక్కువ. ధర యూరప్ బ్లాక్‌లకన్నా బాగా తక్కువ. రాగి మంచిదే వాడతారు. తగ్గేది సూచనల కాగితం దగ్గర. ఏ థర్మల్ ప్యాడ్ (వేడిని బ్లాక్‌కు దాటించే మెత్తటి ముక్క) ఎంత మందం, ఎక్కడ పెట్టాలి అన్న వివరం ఒక్కోసారి చిన్న బొమ్మతో సరిపెడతారు. ప్యాడ్ అర మిల్లీమీటర్ ఎక్కువ మందమున్నది పెట్టినా బ్లాక్ చిప్పుకు ఆనదు. ఓపిగ్గా కొలుచుకునే అలవాటున్నవాళ్లు తీసుకోవచ్చు. స్పేర్ రింగు పెట్టెలో ఉందో లేదో అమ్మేవాళ్లను అడిగి తీసుకోండి.

అమెరికా ఆప్టిమస్, జర్మనీ టెక్‌ఎన్ రెండూ చివరి డిగ్రీ కోసం వెతికేవాళ్లవి. ఓవర్‌క్లాకింగ్ (చిప్పును మామూలు వేగం కన్నా ఎక్కువగా నడపడం) మీద పిచ్చి ప్రేమ ఉంటే చూడండి. తైవాన్ బిట్స్‌పవర్ ఫిట్టింగుల్లో పాత కాపు, బ్లాక్‌లూ బాగానే చేస్తుంది.

గ్రాఫిక్స్ కార్డుకైతే కంపెనీ రెండో ప్రశ్న

ప్రాసెసర్ బ్లాక్ సాకెట్‌ను బట్టి సరిపోతుంది. ఇంటెల్ ఎల్‌జీఏ 1200లో స్క్రూ రంధ్రాల మధ్య దూరం 75 మి.మీ., ఎల్‌జీఏ 1700లో 78 మి.మీ. బిగింపు కిట్టు మారిస్తే పాత బ్లాక్ కొత్త బోర్డుకు వస్తుంది. గ్రాఫిక్స్ కార్డుకు ఆ వెసులుబాటు లేదు. ఒకే ఆర్‌టీఎక్స్ పేరుతో పది కంపెనీలు పది రకాల బోర్డులు చేస్తాయి. మీ బోర్డుకు గీసిన బ్లాకే దానికి సరిపోతుంది. పెట్టె మీద పేరు చూసి కాకుండా కార్డు పూర్తి మోడల్ నంబరుతో బ్లాక్ కంపెనీ సైట్లో వెతకండి. ఒకే మోడల్‌లో మధ్యలో బోర్డు మార్చిన సందర్భాలూ ఉన్నాయి కాబట్టి కార్డు ఫొటోతో పోల్చి చూసుకోవాలి.

డబ్బు పరిమితంగా ఉంటే మంచి బ్లాక్ దేనికి పెట్టాలి? నా మాట గ్రాఫిక్స్ కార్డుకే. ప్రాసెసర్ మీద లోహపు మూత ఉంటుంది, గ్రాఫిక్స్ చిప్పు మీద ఉండదు. బ్లాక్ నేరుగా చిప్పునే తాకుతుంది కాబట్టి వేడి తేలిగ్గా నీళ్లలోకి పోతుంది. ఆర్‌టీఎక్స్ 4090 లాంటి 450 వాట్ల కార్డు మీద ఆ ఫలితం చెవికి కూడా తెలుస్తుంది, ఫ్యాన్ల హోరు పోతుంది. ఆర్‌టీఎక్స్ 3090 సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఒకటి గమనించాలి. దాని 24 జీబీ మెమరీలో సగం చిప్పులు బోర్డు వెనకవైపు ఉంటాయి, బాగా వేడెక్కుతాయి. ముందువైపు బ్లాక్ ఎంత మంచిదైనా వెనకటి మెమరీని చల్లబరచదు. వెనక కూడా నీళ్లు తిరిగే పలక ఉన్న బ్లాక్ చూసుకోండి. ఏఐ మోడళ్లు నడపడానికి ఆ కార్డు కొంటున్న కుర్రాళ్లకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ పనిలో మెమరీకి విశ్రాంతే ఉండదు.

మన వేసవి, మన నీళ్లు

డీ5 పంపుకు, చాలా లూప్ భాగాలకు నీటి వేడి 60 డిగ్రీలు దాటకూడదు. గది 42 డిగ్రీలుండి, రేడియేటర్ చిన్నదై నీళ్లు దానికన్నా 12 డిగ్రీలు ఎక్కితే 54 అవుతుంది. పెట్‌జీ అనే ప్లాస్టిక్‌తో చేసిన గట్టి ట్యూబులు ఆ వేడి దగ్గర మెత్తబడే దారిలో ఉంటాయి. అందుకే బ్లాక్‌లో మిగిల్చిన డబ్బుతో రేడియేటర్ ఒక సైజు పెద్దది తీసుకోమంటాను. రాయలసీమలోనో, రామగుండంలోనో ఏసీ లేని గదిలో పెట్టేవాళ్లకైతే ఇది సలహా కాదు, తప్పనిసరి.

బోరు నీళ్లు పొరపాటున కూడా పోయొద్దు. మన హైదరాబాద్ బోరు నీళ్లలో ఉప్పు బకెట్ల మీద తెల్లగా కనిపిస్తూనే ఉంటుంది, అదే ఫిన్లలో పేరుకుంటుంది. ఇంటి ఆర్‌ఓ నీళ్లలో కూడా కొంత లవణం మిగులుతుంది. డిస్టిల్డ్ నీళ్లలో తుప్పు ఆపే మందు కలిపి వాడండి, లేదా తయారు కూలెంట్ తీసుకోండి. పాలలా కనిపించే పాస్టెల్ రంగు కూలెంట్లు ఫొటోకు బాగుంటాయి గానీ వాటిలోని రంగు రేణువులు సన్నటి ఫిన్లలోనే మొదట చేరతాయి. ఫిన్లు ఎంత సన్నవైతే పూడుకుపోవడం అంత త్వరగా. పారదర్శకమైన మెత్తటి ట్యూబుల్లోంచి కూడా కాలక్రమేణా జిగురులాంటిది కారి ఫిన్లలో చేరుతుంది. నల్లటి ఈపీడీఎం రబ్బరు ట్యూబుకు ఆ గొడవ లేదు.

ఇన్ని చెప్పాక ఎవరికి ఏది? మొదటి లూప్, ఊళ్లో సర్వీసు కావాలి అంటే కోర్సెయిర్. పదేళ్లు ఉంచుకునే ప్రాసెసర్ బ్లాక్ కావాలి, తెప్పించుకునే ఓపికుంది అంటే హీట్‌కిల్లర్. లీకేజీ భయంతో నిద్ర పట్టనివాళ్లకు ఆక్వా కంప్యూటర్. మామూలు బడ్జెట్‌లో గ్రాఫిక్స్ కార్డుకు ఆల్ఫాకూల్, మీ కార్డుకు అక్కడ బ్లాక్ లేకపోతే బిక్‌స్కీ. దుబాయ్‌లోనో, అమెరికాలోనో ఉండే బంధువు సెలవులకు వస్తుంటే తెప్పించుకోవడం కొంచెం తేలిక. అప్పుడు రింగులు, ప్యాడ్లు, బిగింపు స్క్రూలు కూడా అదే లిస్టులో రాయండి. ఒక్క రింగు కోసం తర్వాత మళ్లీ ఎవరినీ అడగలేం.

బ్లాక్ చేతికొచ్చాక లూప్‌లో పెట్టకముందే ఫిట్టింగులు బిగించి, టెస్టర్‌తో అర బార్ గాలి పట్టించి పావుగంట చూడండి. ముల్లు కదలకపోతే సరే. కదిలితే అప్పుడే వెనక్కి పంపొచ్చు, నీళ్లు తగిలాక పంపడం కష్టం.

నేను కొత్త కార్డు కొన్నప్పుడు ఆల్ఫాకూల్ బ్లాక్ తెప్పించాను. రింగుల సెట్లు రెండు అదే ఆర్డరులో వేశాను. జిప్ కవర్లో పెట్టి, మీద కార్డు మోడల్ నంబరు రాసి, క్యాబినెట్ వెనకవైపు కేబుళ్ల పక్కన టేపుతో అంటించాను. పాత బ్లాక్ ఇంకా అలమరలోనే ఉంది.